ఓర్లాండో: క్యూ దాటే టికెట్లు, ఒక ‘ఉచిత’ టిఫిను

డిస్నీ, యూనివర్సల్ పార్కులు చూడ్డానికి అమెరికాలో ఓర్లాండో వెళ్లేవాళ్లకి ముందుగా ఒక్క మాట. మీరు దిగిన హోటల్ లాబీలో, రిసెప్షన్‌కి నాలుగడుగుల దూరంలో, పార్కుల బొమ్మలు అతికించిన చిన్న టేబుల్ ఉంటుంది. అక్కడ కూర్చున్నావిడ నవ్వుతూ పలకరించి “ఏ పార్కులకి వెళ్తున్నారు?” అని అడుగుతుంది. ఆగకుండా లిఫ్ట్ ఎక్కేయండి. మేం ఆగాం. దానివల్ల ఒక పూట పోయింది, మా పెద్దది నాలుగేళ్లుగా ఎదురుచూసిన రైడ్ పోయింది, చేతి డబ్బులూ పోయాయి.

మేం డాలస్ నుంచి జూన్‌లో, బడి సెలవుల్లో వెళ్లాం. మొత్తం ఆరుగురం: నేను, మా ఆవిడ, తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్న, పదకొండేళ్ల పెద్దది, రెండున్నరేళ్ల చిన్నాడు. మూడేళ్లు నిండని పిల్లలకి డిస్నీలో టికెట్ అక్కర్లేదు, క్యూ దాటే పాసూ అక్కర్లేదు. అంటే డబ్బు లెక్కకి ఐదుగురం.

నేను 2012లో స్నేహితులతో ఒకసారి వెళ్లాను. అప్పుడు డిస్నీలో క్యూ దాటే పాసు, అంటే ఫాస్ట్‌పాస్, ఉచితం. రైడ్ పక్కనున్న మెషీన్‌లో టికెట్ పెడితే చిన్న కాగితం వచ్చేది, దాని మీద ఏ టైముకి రావాలో ఉండేది. ఆ టైముకి వెళ్తే పక్క దారిలో లోపలికి పంపేవాళ్లు. 1999లో మొదలైన ఆ పద్ధతి రూపాలు మారుతూ 2020లో కోవిడ్‌కి పార్కులు మూసేదాకా ఉచితంగానే నడిచింది. 2021 అక్టోబర్‌లో జీనీ ప్లస్ అని రోజుకి మనిషికి 15 డాలర్లతో డబ్బుల పద్ధతి వచ్చింది. 2024 జులై నుంచి దాని పేరు లైట్నింగ్ లేన్ మల్టీ పాస్. లైట్నింగ్ లేన్ అంటే ఆ పక్క దారే. రేటు ఇప్పుడు రోజును బట్టి, పార్కును బట్టి మారుతుంది. మేం డిస్నీ పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కి వెళ్లిన రోజు మనిషికి 29 డాలర్లు, ఐదుగురికి పన్నుతో 154 చిల్లర.

అంత పెట్టాలా అని మా ఆవిడా నేనూ రెండు రాత్రులు వాదించుకున్నాం. “పార్కు టికెట్టే అంత పోసి కొన్నాక మళ్లీ లైనుకి డబ్బులేంటి” అని తన పట్టు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, జూన్ ఎండ, చంకలో చిన్నాడు అని నా పట్టు. చివరికి కొన్నాం. మ్యాజిక్ కింగ్‌డమ్ వరకు ఆ డబ్బు దండగ కాలేదని ఇప్పుడు తనే అందరికీ చెప్తోంది.

కొనే పద్ధతి ముందే తెలుసుకుని వెళ్లండి. డిస్నీ సొంత హోటళ్లలో దిగినవాళ్లు ఏడు రోజుల ముందు నుంచి, బయట దిగినవాళ్లు మూడు రోజుల ముందు నుంచి, ఓర్లాండో టైములో పొద్దున ఏడింటికి యాప్‌లో బుక్ చేసుకోవచ్చు. మాకు డాలస్‌లో అది ఆరు. పార్కు టికెట్లు ముందే కొని, అందరి పేర్లూ యాప్‌లో కలిపి ఉంచుకోకపోతే ఆ ఆరింటికి ఏమీ చేయలేరు. ముందుగా మూడు రైడ్లు ఎంచుకోవచ్చు, కానీ చాలా పార్కుల్లో గిరాకీ ఎక్కువున్న గుంపులోంచి ఒక్కటే ఇస్తారు. అందులో మొదటిది వాడేశాక ఆ గుంపుల లెక్క ఉండదు, ఏది ఖాళీగా ఉంటే అది ఒక్కొక్కటిగా తీసుకుంటూ పోవచ్చు. అందుకే మొదటి రైడ్‌ని పొద్దున్నే పెట్టుకోవాలి. మూడు స్లాట్లూ మధ్యాహ్నానికే తీసుకుని పొద్దున్నంతా ఊరికే తిరిగే కుటుంబాలని చాలామందిని చూశాను. పాపం, వాళ్లూ మా అంత డబ్బే కట్టారు.

మేం తొమ్మిదీ ఇరవైకి పీటర్ పాన్స్ ఫ్లైట్ పెట్టుకున్నాం. బయట బోర్డు మీద 70 నిమిషాలని ఉంది, మేం పన్నెండు నిమిషాల్లో పడవలో కూర్చున్నాం. లోపలికి వెళ్తూ నాన్న అటుపక్క మామూలు లైను చూసి, “ఇది మన మూడొందల టికెట్టే కదరా. సర్వదర్శనం వాళ్లు అటు, మనం ఇటు. చివరికి గుమ్మం ఒకటే” అన్నారు. రెండు లైన్లూ కలిసే చోట అక్కడి ఉద్యోగి మా వైపు నుంచి పది మందిని పంపి, అటు నుంచి ఇద్దరు ముగ్గుర్ని పంపుతున్నాడు. భుజం మీద పిల్లని నిద్రపుచ్చుకుంటూ నిలబడిన ఒకాయన మమ్మల్నే చూస్తున్నాడు. నాన్న తలదించుకున్నారు. “వాళ్లెంతసేపటి నుంచి నిలబడ్డారో” అని దిగాక కూడా అంటూనే ఉన్నారు. నాకూ ఆ చూపు గుర్తుండిపోయింది. మనం ఎంత తొందరగా వెళ్తే వాళ్ల లైను అంత మెల్లగా కదులుతుంది, ఈ పద్ధతిలో ఉన్నదే అది. ఉచితంగా ఉన్న రోజుల్లో కనీసం ఆ కాగితం అందరికీ దొరికేది.

అమ్మ కోసం గేటు దగ్గర వీల్‌చైర్ తీసుకున్నాం, రోజుకి 12 డాలర్లు. మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో “వీల్‌చైర్ తీసుకుంటే లైనే ఉండదు” అని తిరుగుతోంది. నమ్మకండి. వీల్‌చైర్‌తో చాలా రైడ్లకి మామూలు లైనులోనే వెళ్లాలి, ఆ లైన్లు దానికి తగ్గట్టే వెడల్పుగా కట్టారు. లైనులో నిలబడలేనివాళ్లకి వేరే ఏర్పాటు ఒకటుంది గానీ, 2024లో దాన్ని ముఖ్యంగా ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలున్నవాళ్ల కోసమని కుదించారు. మోకాళ్ల నొప్పికి అది రాదు. అయినా 12 డాలర్ల కుర్చీ అమ్మకి రోజంతా ఓపిక నిలబెట్టింది.

చంటిపిల్లలున్నవాళ్లు తెలుసుకోవాల్సింది రైడర్ స్విచ్, అంటే ఒకరు పిల్లాణ్ణి చూసుకుంటుంటే మిగతావాళ్లు ఎక్కొచ్చి, తర్వాత వంతు మార్చుకునే పద్ధతి. ఇది పూర్తిగా ఉచితం. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 38 అంగుళాల ఎత్తుండాలి, మా చిన్నాడు అంత లేడు. ఈ రైడ్ మల్టీ పాస్‌లో రాదు, విడిగా కొనాలి. మేం కొనలేదు. మొదట్లో ఉన్న ఉద్యోగికి చిన్నాణ్ణి చూపించాం. మా ఆవిడా పెద్దదీ మామూలు లైనులో యాభై నిమిషాలు నిలబడి ఎక్కొచ్చారు, ఆ తర్వాత నేను పెద్దదాన్ని వెంటబెట్టుకుని లైట్నింగ్ లేన్‌లో తిన్నగా వెళ్లాను. అలా మా పిల్ల రెండుసార్లు ఎక్కింది. చిన్నాడు ఈలోగా నానమ్మ ఒళ్లో పులిహోర తిన్నాడు. పార్కులోకి బయటి తిండి తెచ్చుకోనిస్తారు, గాజు సీసాలూ మద్యమూ తప్ప. తిండి కౌంటర్లలో అడిగితే ఐసు నీళ్లు ఊరికే పోస్తారు. నీళ్ల సీసాలు కొనకండి.

రెండింటికి జంగిల్ క్రూజ్‌కి స్లాటుంటే, ఆ టైముకే ఉరుములు మొదలై పడవలు ఆపేశారు. ఫ్లోరిడా వేసవిలో మధ్యాహ్నం వాన మామూలే. డబ్బులు పోయాయనుకుని అమ్మ ఉస్సూరంది. పోలేదు. మన స్లాట్ టైములో రైడ్ ఆగిపోతే ఆ పాసు రోజులో ఎప్పుడైనా వాడుకునేలా మారిపోతుంది. సాయంత్రం ఆరున్నరకి, వాన వెలిసి చల్లగా ఉన్నప్పుడు ఎక్కాం. పడవ నడిపే అబ్బాయి వేసే జోకుల్లో అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అతను నవ్వినప్పుడల్లా ఆవిడా నవ్వింది. మొత్తం ట్రిప్పులో అమ్మకి బాగా నచ్చింది అదే.

ఇక ఆ లాబీ టేబుల్ సంగతి.

మా హోటల్ ఓర్లాండో పక్కనున్న కిసిమీలో 192 హైవే మీద. రాత్రికి 84 డాలర్లని బుక్ చేస్తే, దిగాక రోజుకి 25 రిసార్ట్ ఫీజు, 12 పార్కింగ్ వేశారు. ఆ ఈత కొలను, ఆ వైఫై మాకు ఎందుకూ పనికిరాలేదు. ఆ చిరాకులో ఉండగానే టేబుల్ దగ్గరావిడ పిలిచింది. మేం ఆవిడ హోటల్ మనిషే అనుకున్నాం. రెండు యూనివర్సల్ టికెట్లు, లైను దాటే ఎక్స్‌ప్రెస్‌తో సహా, 99 డాలర్లకే ఇస్తానంది. చేయాల్సిందల్లా ఒక రిసార్ట్‌లో తొంభై నిమిషాలు కూర్చుని ఉచిత టిఫిన్ చేయడమట. భార్యాభర్తలిద్దరూ రావాలి, క్రెడిట్ కార్డు తేవాలి, తిరిగిచ్చే డిపాజిట్ 50 డాలర్లు కట్టాలి. యూనివర్సల్‌కి ఎలాగూ నేనూ పెద్దదీ ఇద్దరమే వెళ్దామనుకున్నాం. అవి విడిగా కొంటే ఐదొందల పైమాట. సరే అన్నాను. మా ఆవిడ వద్దంటూనే ఉంది, ఆ మాట ఇక్కడ రాయడం న్యాయం.

ఆ టిఫిన్ రోజే డిస్నీవాళ్ల ఇంకో పార్కు హాలీవుడ్ స్టూడియోస్‌కి వెళ్లాల్సింది. పెద్దదాని కోసం మూడు రోజుల ముందు ఆరింటికి లేచి, స్లింకీ డాగ్ డాష్ అనే రైడ్‌కి 11:05 స్లాట్ పట్టుకున్నాను. ఆ పార్కులో ముందుగా అయిపోయేది అదే. తొంభై నిమిషాలే కదా, ఎనిమిదింటికి వెళ్తే తొమ్మిదిన్నరకి బయటపడతాం అని లెక్క వేశాను.

టిఫిన్ అంటే చల్లారిన గుడ్లు, ఎండిన మఫిన్లు. ఒకతను వచ్చి మా ఊరు, మా పిల్లలు, మా అమ్మానాన్నల ఆరోగ్యం అన్నీ అడిగాడు, గంట గడిచింది. తర్వాత బగ్గీలో ఎక్కించి ఇళ్లు చూపించాడు, ఇంకో ముప్పావుగంట. అప్పుడు అసలు కాగితం తీశాడు. ఏటా ఒక వారం ఆ ఇంట్లో ఉండే హక్కుకి 24,000 డాలర్లు. వద్దన్నాం. మేనేజర్ వచ్చాడు, 16,000 అన్నాడు. వద్దన్నాం. మూడో ఆవిడ వచ్చి, “మీ పిల్లలకి జ్ఞాపకాలు వద్దా?” అని మా ఆవిడని అడిగింది. మా ఆవిడ ముఖం ఎర్రబడింది. “ఏవండీ, పదండి, ఆ టికెట్లూ వద్దు” అని లేచింది. టికెట్ల కాగితం మాత్రం ఇంకో గదిలో ఇస్తారట, అక్కడ ఇంకో లైను. క్యూ దాటే టికెట్ కోసం మళ్లీ క్యూలో నిలబడ్డాం. బయటికొచ్చేసరికి 11:40.

పదింపావుకి టేబుల్ కిందనుంచి ఫోన్ తీసి స్లాట్ మార్చబోయాను. స్లింకీ డాగ్ ఆ రోజుకి అయిపోయింది. ఇక అందుకోలేమని తెలిశాక దాన్ని మిక్కీ అండ్ మినీస్ రన్‌అవే రైల్వేకి మార్చాను, 2:50కి దొరికింది. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి: స్లాట్ టైము పూర్తిగా దాటనివ్వకుండా వేరేదానికి మార్చుకుంటే డబ్బు నిలుస్తుంది. ఆ రైడ్‌కి ఎత్తు నిబంధన లేదు కాబట్టి చిన్నాడితో సహా ఆరుగురమూ ఎక్కాం, చిన్నాడు దిగనని పేచీ పెట్టాడు. పెద్దది మాత్రం పొద్దుటి నుంచీ హోటల్ గదిలో తయారై కూర్చుంది. సంగతి చెప్తే ఏడవలేదు, సరేలే నాన్నా అంది. నాకు దానికంటే ఏడుపే నయమనిపించింది. నాన్న మాత్రం ఊరుకోలేదు. “నాలుగ్గంటలు కూర్చోబెట్టి ఇచ్చింది ఉచితం ఎలా అవుతుందిరా?” అన్నారు.

యూనివర్సల్ గేటు దగ్గర ఆ కాగితం ఇచ్చాక తెలిసింది, అవి ఒక రోజు, ఒకే పార్కు టికెట్లు. ఎక్స్‌ప్రెస్ లేదు. టేబుల్ ఆవిడకి ఫోన్ చేస్తే, “లభ్యతను బట్టి” అని వెనకపక్క సన్నక్షరాల్లో రాసి ఉందంది. నిజమే, రాసి ఉంది. హ్యారీ పాటర్ కథలోని హాగ్వార్ట్స్ ఎక్స్‌ప్రెస్ రైలు అక్కడ రెండు పార్కుల మధ్య నడుస్తుంది, రెండు పార్కుల టికెట్ ఉంటేనే ఎక్కనిస్తారు. పిల్లకి అదీ పోయింది. ఆ రోజు ఎక్స్‌ప్రెస్ రేటు మనిషికి 129.99. కొనలేదు.

బదులుగా సింగిల్ రైడర్ లైన్లు పట్టుకున్నాం. ఒక్కొక్క ఖాళీ సీటు నింపడానికి పెట్టిన లైను, డబ్బు అక్కర్లేదు, పక్కపక్కన కూర్చోలేమంతే. వెలోసికోస్టర్ అనే రోలర్ కోస్టర్ 25 నిమిషాల్లో ఎక్కాం, బోర్డు మీద 80 ఉంది. మా పిల్ల ముందు వరసలో, నేను వెనక వరసలో. దిగి పరిగెత్తుకొచ్చి “మళ్లీ” అంది. రెండు రోజుల తర్వాత దాని నోటంట వచ్చిన మొదటి పెద్ద మాట. మళ్లీ వెళ్లాం.

ఎక్స్‌ప్రెస్ కావాలనుకునేవాళ్లు విడిగా కొనే ముందు ఒక లెక్క చూసుకోండి. యూనివర్సల్ హోటళ్లలో పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్, ఈ మూడింట్లో గదితో పాటే అందులో దిగినవాళ్లందరికీ అన్‌లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ వస్తుంది, దిగిన రోజూ ఖాళీ చేసే రోజూ కూడా. ఒక రాత్రికి రెండు రోజుల ఎక్స్‌ప్రెస్ అన్నమాట. టైము స్లాట్ల గొడవ లేదు, ఎప్పుడు వెళ్తే అప్పుడే. అయితే 2025 మే నెలలో తెరిచిన వాళ్ల కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్‌కి అది పనిచేయదు. నలుగురైదుగురు ఉంటే గది ఖరీదైనా చాలాసార్లు విడి పాసుల కంటే తక్కువే పడుతుంది. వచ్చేసారి నేను ఇదే చేస్తాను, 192 మీద దిగను.

మల్టీ పాస్ మ్యాజిక్ కింగ్‌డమ్‌కి తప్పక కొనండి. హాలీవుడ్ స్టూడియోస్‌కి మాత్రం పొద్దున్నే గేటు దగ్గర ఉండగలిగితేనే కొనండి. లైట్నింగ్ లేన్ ఉన్న అన్ని రైడ్లకీ టైముతో పని లేకుండా ఒక్కోసారి వెళ్లే ప్రీమియర్ పాస్ కూడా డిస్నీలో ఉంది, దాని రేటు వందల్లో ఉండటం చూసి ఫోన్ మూసేశాం.

ఆ రిసార్ట్‌వాళ్లు కట్టించుకున్న 50 డాలర్ల డిపాజిట్ పది పనిదినాల్లో కార్డులోకి వస్తుందన్నారు. ఇవాళ్టికి పదిహేడు. రెండుసార్లు ఫోన్ చేశాను. సోమవారం మా ఆవిడ చేస్తానంది.