డబ్బు కోసం ముడిపడిన పెళ్లి: జార్జెట్ హేయర్ నవల ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’

అవసరం కోసం పెళ్లి, ఆ తర్వాత మెల్లగా ప్రేమ. ఈ వరసలో నవలలు కొల్లలుగా వచ్చాయి. వాటిలో చాలావాటికి ఒక అలవాటుంది. పెళ్లికి కారణమైన అవసరాన్ని మొదట్లో గబగబా చెప్పేసి, తర్వాత దాని ఊసే ఎత్తవు. తండ్రి చేసిన అప్పులు, అమ్మకానికొచ్చిన ఇల్లు, పెళ్లి కావలసిన చెల్లెళ్లు, ఇవన్నీ ఆ ఇద్దరినీ ఒక గదిలోకి తోయడానికే పనికొస్తాయి. ఇంగ్లిష్ రచయిత్రి జార్జెట్ హేయర్ 1961లో రాసిన ఈ నవల ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ అలా చేయదు. ఇందులో అప్పు చివరిదాకా అప్పుగానే ఉంటుంది. బ్యాంకులో తాకట్టు రుణాల విభాగంలో చాలాకాలం పనిచేసినదాన్ని కాబట్టి నాకు ముందుగా పట్టింది ఇదే. ఇల్లు తాకట్టులో ఉన్న మనిషి ఎదుటివాడి సాయం తీసుకునేటప్పుడు గొంతు ఎలా బిగుసుకుంటుందో హేయర్‌కు బాగా తెలుసు.

కథ 1814లో మొదలవుతుంది. బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ సైన్యంలో నెపోలియన్ మీద పోరాడుతున్న కెప్టెన్ ఆడమ్ డెవరిల్, తండ్రి హఠాత్తుగా పోవడంతో ఇంగ్లండ్‌కు తిరిగొస్తాడు. వారసత్వంగా లార్డ్ లింటన్ అనే బిరుదు వచ్చింది. దాంతోపాటు మెడలోతు అప్పులూ వచ్చాయి. ఫాంట్లీ ప్రయరీ అనే తాతముత్తాతల నాటి ఎస్టేటు అమ్మేయడం తప్ప దారి లేదు. తల్లి, ఇద్దరు చెల్లెళ్లు అతని మీదే ఆధారపడ్డారు. అతను ప్రేమించింది జూలియాను. ఆ జూలియా తండ్రే వచ్చి, ఈ పరిస్థితుల్లో మా అమ్మాయిని నీకివ్వలేనని మర్యాదగా చెప్పి, ఇంకో సంబంధం చూపిస్తాడు. జోనథన్ చాలీ అనే లండన్ వ్యాపారి. డబ్బుకు లోటు లేదు, ఉన్నది ఒక్కగానొక్క కూతురు జెన్నీ, ఆమెను ఒక ప్రభువుకిచ్చి ‘లేడీ’ అని పిలిపించాలన్నది ఆయన పట్టుదల. బేరం కుదిరింది, పెళ్లయింది. కథలో ఇంతకుమించి చెప్పను.

ఇక్కణ్నుంచి హేయర్ చేసిన పని నన్ను కట్టిపడేసింది. ఈ పెళ్లిలో తప్పు చేసినవాళ్లంటూ ఎవరూ లేరు, అయినా అందరినీ ఏదో ఒక అపరాధ భావం కొరుకుతూనే ఉంటుంది. జూలియాకు మాట తప్పాననీ, మనసంతా ఇవ్వకుండా జెన్నీని కట్టుకున్నాననీ ఆడమ్ బాధ. ఆ బాధ ఎక్కువైన కొద్దీ అతని మర్యాద ఎక్కువవుతుంది. భార్యతో పొరపాటున కూడా కసురుగా మాట్లాడడు. ఆ జాగ్రత్తే ఆ అమ్మాయిని ఎక్కడ తాకుతుందో చదివేవాళ్లకు తెలుస్తూ ఉంటుంది. జెన్నీది ఇంకా ఇబ్బందికరమైన చోటు. జూలియా ఆమెకు చదువుకునే రోజుల నుంచీ స్నేహితురాలు. ఆడమ్, జూలియాల ప్రేమ సంగతి ఆమెకు ముందే తెలుసు. పైగా ఆమె తానూ ఆడమ్‌ను ఎప్పటినుంచో ప్రేమిస్తోంది, ఎవరికీ తెలియకుండా.

మరి భర్తకు ఎందుకు చెప్పదు? నవలంతా నాకు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగినట్టు అనిపించింది. చెబితే అది అతని నెత్తిన ఇంకో అప్పు అవుతుంది. ఇప్పటికే మామగారి డబ్బు, మామగారు సర్దిన ఇల్లు, మామగారి బహుమతులు ఉన్నాయి. వాటి పైన ‘నీ భార్య నిన్ను ప్రేమిస్తోంది, నువ్వు తిరిగి ప్రేమించలేకపోతున్నావు’ అన్న బరువు కూడా పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. అందుకే తన ప్రేమనంతా ఇంటి పనిలో దాచేస్తుంది. అతనికి ఏం తినాలనిపిస్తుందో, ఎప్పుడు ఒంటరిగా వదిలేయాలో, ఏ మాట ఎత్తకూడదో నేర్చుకుంటుంది. పొట్టిగా, బొద్దుగా, అందగత్తె కాదని అందరూ ఒప్పుకునే మనిషి. హేయర్ ఆమెను చివర్లో అందగత్తెగా మార్చేయరు. ఆ నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఒక విందులో కొత్త దంపతులు ఎదురుపడగానే జూలియా స్పృహ తప్పి పడిపోయే సన్నివేశం ఉంది. మామూలు నవలలోనైతే ఆ కన్నీళ్ల మీద ఒక అధ్యాయం నడిచేది. ఇక్కడ వెంటనే తేరుకుని, నలుగురూ గుసగుసలాడుకోకుండా పరిస్థితి సర్దేది జెన్నీ. తన గుండె చెదిరిపోతున్న క్షణంలో భర్త పరువు, స్నేహితురాలి పరువు రెండూ కాపాడుతుంది. ఆ రెండు మూడు పేజీలు నెమ్మదిగా చదవండి.

చాలీ గురించి ఎంత చెప్పినా తక్కువే. భారీ మనిషి, గట్టి గొంతు, ఎక్కడ అడుగుపెడితే అక్కడ పెత్తనం. అదే మనిషికి పింగాణీ అంటే ప్రాణం, దాని గురించి అపారమైన జ్ఞానం. అల్లుడికి ఏదో ఒకటి ఇవ్వకుండా ఉండలేడు, ఇచ్చిన ప్రతిదీ అల్లుడి ఆత్మాభిమానాన్ని గాయపరుస్తుందని ఆయనకు అర్థం కాదు. వద్దంటే చిన్నబోతాడు, పుచ్చుకుంటే ఆడమ్ లోపల కుంగిపోతాడు. వీళ్లిద్దరి మధ్య నలిగే జెన్నీకి ఇద్దరూ కావాలి. మామా అల్లుళ్లు ఒకరినొకరు గౌరవించడం నేర్చుకునే తీరు, నా దృష్టిలో, భార్యాభర్తల కథకు ఏమాత్రం తీసిపోని ప్రేమకథ.

జెన్నీ గర్భవతి అయినప్పుడు తండ్రి పెట్టించే డాక్టర్ క్రాఫ్ట్ చరిత్రలో నిజంగా ఉన్న మనిషి. గర్భిణులకు తిండి తగ్గించి, రక్తం తీయించే పద్ధతి ఆయనది. 1817లో బ్రిటన్ రాకుమారి షార్లెట్ ప్రసవానికి వైద్యం చేసింది ఆయనే. బిడ్డా తల్లీ ఇద్దరూ పోయారు, కొన్ని నెలలకు ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. హేయర్ ఆ సంగతి ఎక్కడా చెప్పరు, కథ అక్కడిదాకా వెళ్లదు కూడా. అది తెలిసి చదివితే మాత్రం జెన్నీ నీరసించిపోతున్న ఆ పేజీల్లో ఊపిరి బిగబట్టాల్సి వస్తుంది.

నెపోలియన్ చివరిసారి ఓడిపోయిన వాటర్లూ యుద్ధం చుట్టూ నడిచే అధ్యాయాలు నాకు మరీ ఇష్టం. యుద్ధం జరిగింది 1815 జూన్ 18న, గెలిచామన్న అధికారిక వార్త లండన్ చేరింది 21 రాత్రి. ఆ మధ్యలో ఓడిపోయామనే పుకార్లు, స్టాక్ మార్కెట్‌లో గగ్గోలు. ఉన్నదంతా అమ్మేయమని చాలీ వణికిపోతూ చెబుతాడు. వెల్లింగ్టన్‌ను యుద్ధరంగంలో కళ్లారా చూసిన ఆడమ్ ఏం చేస్తాడన్నది మీరే చదవాలి. అతని ధైర్యాన్ని మెచ్చుకుంటూనే, రుణాల విభాగంలో ఉండగా ఇలాంటి నిర్ణయం తీసుకునే మనిషి నా ఎదురుగా కూర్చుంటే నిద్రపట్టేది కాదనుకున్నాను. డబ్బు చిక్కును ఒక్క దెబ్బతో విప్పడం కొంత సులువైన దారే. కానీ ఆ చిక్కు విడిపోవడం వల్లే అసలు ప్రశ్న బయటపడుతుంది: మామగారి డబ్బు అవసరం లేని రోజున ఆడమ్‌కు జెన్నీ ఏమవుతుంది?

లోపాలు లేకపోలేదు. ఆడమ్ తల్లి ఏడుపులూ నిష్ఠూరాలూ పదే పదే వచ్చి విసుగు పుట్టిస్తాయి. జూలియాకు అన్యాయం జరిగిందని కూడా నాకు గట్టిగా అనిపించింది. మొదట్లో నిజంగా దుఃఖిస్తున్న అమ్మాయిని పోను పోను మారాం చేసే మనిషిగా చూపించారు. ఆడమ్ జెన్నీ వైపు జరగాలంటే జూలియాను అంత తగ్గించక్కర్లేదు. పొలం పనులు, ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్ ప్రాంతపు వ్యవసాయ పద్ధతుల గురించి ఉన్న చర్చ కొందరికి సాగతీతగా ఉండొచ్చు. నాకది నచ్చింది, ఎందుకంటే ఆడమ్ మొదటిసారి ఉత్సాహంగా కనిపించేది అక్కడే.

ముగింపు మీద చదువరుల్లో రెండు మాటలున్నాయి. ఆడమ్ జూలియాను ప్రేమించినట్టు జెన్నీని ఎప్పటికీ ప్రేమించడని ఆమెకే తెలుసు, అది చప్పటి ముగింపు అని కొందరి బాధ. నేను ఒప్పుకోను. జెన్నీ తనకు దక్కినదేమిటో, దక్కనిదేమిటో రెండూ కళ్లు తెరిచి చూస్తుంది. అతను ఇప్పుడు పలికే మాటలో మొహమాటం లేదు, రుణం తీర్చుకోవడమూ లేదు. ఇన్ని పేజీల పాటు అతని మర్యాదను భరించిన మనిషికి ఆ తేడా తెలియకుండా పోదు. ఉద్వేగంతో ఊగిపోయే చివరి సన్నివేశం కోరుకునేవాళ్లకు మాత్రం ఈ పుస్తకం సరిపడదు, ముందే చెబుతున్నాను.

భాష గురించి ఒక మాట. ఆనాటి ఇంగ్లిష్ యాస, పలుకుబడులు విరివిగా ఉన్నాయి. మొదటి కొన్ని అధ్యాయాలు ఓపిక పట్టాలి. ప్రతి పదానికీ నిఘంటువు తీస్తే కథ జారిపోతుంది, సందర్భాన్ని బట్టి పోనివ్వండి. హేయర్‌ను కొత్తగా చదివేవాళ్లు ముందు ఆమె 1934 నాటి ‘ది కన్వీనియంట్ మ్యారేజ్’ చదివితే మేలు. అదీ అవసరం కోసం జరిగిన పెళ్లే, కాకపోతే సరదాగా పరుగెడుతుంది. ఆ తర్వాత దీన్ని తీసుకోండి, కాస్త తీరిక చూసుకుని.