రాణిగంజ్ దుకాణానికి బయటి ఐటీ సేవ: రెండేళ్ల అనుభవం

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మాకు బేరింగులు, పంపు విడిభాగాల హోల్‌సేల్ వ్యాపారం ఉంది. గోడౌను బాలానగర్‌లో. రెండు చోట్లా కలిపి 14 కంప్యూటర్లు, టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) నడిచే ఒక సర్వర్, మూడు ప్రింటర్లు, గోడౌనులో ఒక బార్‌కోడ్ ప్రింటర్ ఉన్నాయి. వీటి బాగోగులను 2024 ఏప్రిల్ నుంచి బయటి సంస్థ ఒకటి నెలవారీ రుసుముపై చూస్తోంది. రెండేళ్లు కావస్తున్నందున ఆ సేవలో మాకు నచ్చినవీ నచ్చనివీ ఇక్కడ రాస్తున్నాను. లోపాలను కూడా చెబుతున్నందువల్ల సంస్థ పేరు ఇవ్వడం లేదు. ఇలాంటి సేవలో బోర్డు మీది పేరు కన్నా ఒప్పందంలో రాసుకున్న షరతులే ఎక్కువ అక్కరకు వస్తాయని కూడా నా అభిప్రాయం.

అంతకుముందు తొమ్మిదేళ్ల పాటు మా కంప్యూటర్లను ఒక కుర్రవాడు చూసేవాడు. ఫోన్ చేస్తే వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా ఐదు వందలో వెయ్యో తీసుకునేవాడు, పనిమంతుడు. 2024 ఫిబ్రవరి 9న, శుక్రవారం ఉదయం సర్వర్ హార్డ్ డిస్క్ పాడైనప్పుడు అతను బంధువుల పెళ్లికి ఖమ్మం వెళ్లి ఉన్నాడు. నెల అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్ను, జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ. బ్యాకప్ ఉందన్న ధీమాతో ఉన్నాం గాని, తీరా చూస్తే అది ప్రతి రాత్రీ అదే డిస్కులోని డి డ్రైవ్‌లోకి వెళుతోంది. ఐదు కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి, జీఎస్టీ ఉన్న కొనుగోలుదారులకు చేసే బిల్లులపై ఈ-ఇన్వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం) తప్పనిసరి అయింది. మేము ఆ పరిధిలోకే వస్తాం. అంటే మా దగ్గర సర్వర్ ఆగితే బిల్లు ఆగుతుంది, బిల్లు ఆగితే ట్రాన్స్‌పోర్టుకు సరుకు కదలదు. మూడు రోజులు కదలలేదు. ఆడిటర్ గారి దగ్గర డిసెంబరు నెలాఖరు వరకు ఉన్న టాలీ ప్రతిని తెచ్చుకుని, ఆ తరువాతి అమ్మకాల్లో ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌లో ఉన్నవాటిని అక్కడి నుంచి తీసుకున్నాం. కౌంటరు మీది నగదు అమ్మకాలు, కొనుగోళ్లు, వసూళ్ల పద్దులు మాత్రం కాగితాలు చూసి మళ్లీ ఎక్కించడానికి మా ఇద్దరు అకౌంటెంట్లకు పదహారు రోజులు పట్టింది. ఆ కుర్రవాణ్ణి ఒక్కణ్ణే తప్పుపట్టడం న్యాయం కాదు. బ్యాకప్ ఎక్కడికి వెళుతోందని తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా అడగకపోవడం మా తప్పు.

చిన్న వ్యాపారం తన ఐటీ పనిని ఎప్పుడు బయటికి అప్పగించాలన్న ప్రశ్నకు చాలామంది కంప్యూటర్ల సంఖ్యతో జవాబు చెబుతారు. పది దాటితే అవసరమని ఒకరు, ఇరవై దాటితే అని ఇంకొకరు అంటారు. ఆ మూడు రోజుల తరువాత నేను వేసుకున్న లెక్క వేరు. సిస్టమ్ ఒక్క రోజు ఆగితే కలిగే నష్టం సంస్థకు ఇవ్వవలసిన నెల రుసుము కన్నా ఎక్కువైతే, అది ఆలోచించవలసిన సమయం. దానికి తోడు, రౌటర్ పాస్‌వర్డ్, ఈమెయిల్ అడ్మిన్ లాగిన్, లైసెన్సుల వివరాలు కాగితం మీద కాక ఒకే మనిషి బుర్రలో ఉన్నట్లయితే ఇక ఆలస్యం చేయకూడదు. జీతానికి మనిషిని పెట్టుకుందామా అని కూడా చూశాం. మా స్థాయి వ్యాపారంలో అతనికి రోజుకు గంట పని కూడా ఉండదు. పని లేని మనిషి ఆరు నెలల్లో మరో ఉద్యోగం వెతుక్కుంటాడు, వెళ్లేటప్పుడు ఆ వివరాలన్నీ మళ్లీ అతనితోనే వెళ్లిపోతాయి.

ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాం. హైటెక్ సిటీలోని పెద్ద సంస్థ రాత్రింబవళ్లు హెల్ప్‌డెస్క్ ఇస్తామన్నది గాని, రాత్రి మా దుకాణంలో కాపలాదారు తప్ప ఎవరూ ఉండరు. పార్క్‌లేన్‌లోని ఒక హార్డ్‌వేర్ దుకాణం అందరికన్నా తక్కువకు ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) చేస్తామన్నది. అయితే విడిభాగాలు అమ్ముకునేవారే ఏ భాగం పాడైందో తేల్చే ఏర్పాటు నాకు సమ్మతం కాలేదు. చివరికి సికింద్రాబాద్‌లోనే ఉన్న, పన్నెండు మంది పనిచేసే మధ్యరకం సంస్థను ఎంచుకున్నాం. కంప్యూటరుకు నెలకు 900 రూపాయలు, సర్వరుకు 3,000, మొత్తం 15,600. 18 శాతం జీఎస్టీతో 18,408. ఆ జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది, అంటే మేము కట్టవలసిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. ఇది విడిభాగాలు కలవని ఒప్పందం. అవి కూడా కలిసిన ఒప్పందానికి దాదాపు రెట్టింపు అడిగారు, పాత యంత్రాలున్న మాకు అది లాభమేనేమో అన్న అనుమానం ఇప్పటికీ ఉంది.

మేము ఇచ్చిన డబ్బుకు అసలు విలువ మొదటి నెలలోనే దక్కింది. ఇద్దరు ఇంజనీర్లు వచ్చి ప్రతి యంత్రానికీ నంబరు స్టిక్కరు అంటించి, అందులో ఏముందో, ఎప్పుడు కొన్నదో, ఏ లైసెన్సుతో నడుస్తోందో జాబితా తయారుచేశారు. ఆ జాబితా చదువుతుంటే ఆశ్చర్యం కన్నా సిగ్గు ఎక్కువ కలిగింది. మూడింటిలో విండోస్‌కు లైసెన్సే లేదు. రౌటరుకు కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డే ఉంది. మా వెబ్‌సైటు డొమైను (చిరునామా పేరు) పాత కుర్రవాడి సొంత ఈమెయిల్ మీద రిజిస్టరై ఉంది. అతను మర్యాదస్తుడు కనుక ఒక్క ఫోనుతో మార్చి ఇచ్చాడు గాని, అందరూ అలా ఉండరు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది వేరే ఉంది: 2020 లాక్‌డౌన్‌లో అకౌంటెంటు ఇంటి నుంచి పనిచేయడానికి సర్వరు రిమోట్ డెస్క్‌టాప్‌కు (బయటి నుంచి దాన్ని నడిపే సదుపాయానికి) తెరిచిన 3389 పోర్టు అనే ద్వారం నాలుగేళ్లుగా మూయకుండా ఇంటర్నెట్‌కు తెరిచే ఉంది. డేటాకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాడులు చేసేవారు మొదట వెతికే ద్వారాలలో అది ఒకటట. ఇన్నేళ్లూ ఎవరూ అందులోంచి రాకపోవడం మా అదృష్టమే తప్ప జాగ్రత్త కాదు. విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోతాయని, మా ఐదు కంప్యూటర్ల ప్రాసెసర్లు విండోస్ 11కు సరిపోవని కూడా ఆ జాబితాలోనే రాశారు. అందువల్ల ఆ ఐదింటినీ ఒకేసారి కాక, ఏడాదిన్నరలో ఒక్కొక్కటిగా మార్చుకోగలిగాం.

బ్యాకప్ విషయంలో వారి పని మెచ్చుకోదగినది. ఇప్పుడు టాలీ డేటా సర్వరులో కాక మరో రెండు చోట్ల ఉంటుంది: ఆఫీసులో విడిగా ఉన్న నిల్వ పెట్టె ఒకటి, రాత్రికి రాత్రి క్లౌడ్‌లోకి వెళ్లే ప్రతి ఒకటి. వీటికి తోడు శనివారం ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తీసిన కాపీని నేనే ఇంటికి తీసుకెళతాను. అయితే వీటన్నిటికన్నా ముఖ్యమైనది మూడు నెలలకొకసారి చేసే పరీక్ష. బ్యాకప్ నుంచి డేటాను వేరే కంప్యూటరులో తెరిచి, క్రితం రోజు ముగింపు నిల్వలు సరిపోయాయో లేదో మా అకౌంటెంటు చేత చూపించుకుంటారు. మొదటి పరీక్ష విఫలమైంది. టాలీ కొత్త వెర్షను వేసినప్పుడు డేటా ఫోల్డరు చోటు మారింది, బ్యాకప్ మాత్రం ఖాళీ ఫోల్డరునే శ్రద్ధగా కాపీ చేస్తూ వచ్చింది. పరీక్ష లేకపోతే ఈ సంగతి తెలిసేది ఇంకో డిస్కు పోయినప్పుడే.

ఇక లోపాలు. ఫోనులో అరగంటలోపు స్పందన, మనిషి రావలసి వస్తే నాలుగు గంటలు అని ఒప్పందంలో ఉంది. ఫోను స్పందన బాగానే ఉంది, చాలా పనులు దూరం నుంచే మా కంప్యూటరును నడిపే ఎనీడెస్క్ మీదే అయిపోతాయి. మనిషి రావడం దగ్గరే చిక్కు. వారి పనివేళలు సాయంత్రం ఆరున్నరతో ముగుస్తాయి. రాణిగంజ్‌లో మేము ఎనిమిది దాకా కూర్చుంటాం, శనివారం సాయంత్రం రద్దీ మరీ ఎక్కువ. రెండేళ్లలో మా దగ్గరికి వచ్చే ఇంజనీరు మూడుసార్లు మారాడు, మారిన ప్రతిసారీ బార్‌కోడ్ ప్రింటరు కథ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది. బాలానగర్ గోడౌనుకు వస్తే ట్రిప్పుకు 600 అదనం. ఈ మాట మేము సంతకం పెట్టాక, మూడో పేజీ అడుగున కనిపించింది. టాలీలో సమస్య వస్తే అది టాలీ అమ్మినవారి పని అని వీరు, నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందని టాలీవారు అంటారు. మధ్యలో మా అకౌంటెంటు రెండు ఫోన్లు రెండు చెవుల దగ్గర పెట్టుకుని ఇద్దరినీ కలిపిన రోజులున్నాయి.

ఇలాంటి సేవ తీసుకోబోయేవారు సంతకానికి ముందు రాయించుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. అడ్మిన్ పాస్‌వర్డులన్నీ సీల్ చేసిన కవరులో మీ బీరువాలో ఉండాలి, మార్చినప్పుడల్లా ఆ కవరు కూడా మారాలి. ఒప్పందం ముగిస్తే ఎన్ని రోజుల్లో, ఏమేమి అప్పగిస్తారో రాసి ఉండాలి. సైబర్ దాడుల వంటి సంఘటనలను గమనించిన ఆరు గంటల్లోగా తమకు తెలియజేయాలని, లాగ్‌లను (కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలను) 180 రోజులు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలు ఇచ్చింది. ఆ సమాచారం ఇచ్చే పని మీదో వారిదో ముందే తేల్చుకోకపోతే, అసలు గడియ వచ్చేసరికి ఆరు గంటలు వాదనలోనే గడిచిపోతాయి. మా ఒప్పందంలో ఇది లేదు, అడిగి చేర్పించుకున్నాం. బ్యాంకు లాగిన్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటి పరికరం) మాత్రం ఎంత నమ్మకస్తులకైనా అప్పగించవద్దు.

రెండు మూడు కంప్యూటర్లతో నడిచే కిరాణా దుకాణానికో ట్యూషన్ సెంటరుకో ఇంత ఏర్పాటు అనవసరం. అక్కడ ఫోన్ చేస్తే వచ్చే మనిషి, ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు, దాన్ని వారానికోసారి తెరిచి చూసే అలవాటు చాలు. జీడిమెట్లలోని మా వియ్యంకుల ఫ్యాక్టరీ లాంటి చోట, అరవై కంప్యూటర్లు, యంత్రాలకు కలిపిన సాఫ్ట్‌వేరు ఉన్నప్పుడు, సొంత మనిషి ఒకరు ఉండి తీరాలి. బయటి సంస్థ అతనికి తోడుగానే పనికొస్తుంది.

మా ఒప్పందం మార్చి 31తో ముగుస్తుంది. కొనసాగించాలనే నిర్ణయించాం. శనివారాల్లో రాత్రి ఎనిమిది వరకు ఒక మనిషిని అందుబాటులో ఉంచడానికి, ఇంజనీరు మారితే పాతవాడూ కొత్తవాడూ కలిసి ఒక రోజు మా దగ్గర గడపడానికి ఒప్పుకున్నారు. బాలానగర్ ట్రిప్పు 600 మాత్రం తగ్గించలేదు.