ఆరోగ్య అసమానతలపై పరిశోధన: పగ్గాలు ఢిల్లీలోనా, జిల్లాలోనా? ఏది మేలు?

విజయవాడ ఉన్న ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు మండలం ఉంది. అక్కడి తండాల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బులతో మనుషులు పోతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తిరగేస్తే ఈ సంగతి ఎక్కడా తగలదు. ఆ సర్వేలో బీపీ, షుగర్ చూస్తారు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయరు. పైగా లెక్కలు జిల్లా వరకే. ఎన్టీఆర్ జిల్లా 2022లో గానీ ఏర్పడలేదు కాబట్టి, బెజవాడ పెద్దాసుపత్రుల పక్కన ఉండేవాళ్లూ తండావాళ్లూ పాత కృష్ణా జిల్లా సగటులో కలిసిపోయారు.

అలాగని అంతా జిల్లాకే వదిలేద్దామా? ఒక్క క్రియాటినిన్ సంగతే చూడండి. ఒక్కో ల్యాబ్‌లో ఒక్కో పద్ధతి, ఒక్కో మిషను. అన్నిటికీ ఒకే ప్రమాణం లేకపోతే, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అంకెల్ని ఎ.కొండూరు అంకెల పక్కన పెట్టి చూడలేం. ఒకసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన దీర్ఘకాలిక జబ్బు అని తేల్చకూడదు, మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి. ఇలాంటి క్రమశిక్షణ దేశమంతా ఒకేలా ఉండాలంటే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లాంటి కేంద్ర సంస్థే గట్టిగా పట్టుకోవాలి. ఇంకో భయం కూడా ఉంది. తప్పు ఊరి నీళ్లలో ఉందనో, పొలం మందుల్లో ఉందనో తేలితే, ఆ రిపోర్టు కలెక్టరేట్ బీరువాలోనే ఉండిపోవచ్చు.

కానీ ఏం అడగాలో, ఎప్పుడు అడగాలో ఢిల్లీకి తెలియదు. గుంటూరు వైపు మిర్చి కోతలప్పుడు పదకొండింటికి సర్వే బృందం వెళితే ఇళ్లకు తాళాలే. కర్నూలు వైపు నుంచి కోతలకొచ్చి గుడారాల్లో ఉండే కూలీల పేర్లు ఆ ఊరి జాబితాలో ఉండనే ఉండవు. ఎవరి గురించి పరిశోధనో వాళ్లే లెక్క తప్పిపోతారు! ఆశా కార్యకర్తను అడిగితే చీకటి పడ్డాక రమ్మని చెబుతుంది. ఆ మాట విని మర్నాడే ప్రణాళిక మార్చే అధికారం మంగళగిరి ఎయిమ్స్‌లోనో, గుంటూరు మెడికల్ కాలేజీలోనో ఉన్నవారి చేతిలో ఉండాలి. అనుమతి కోసం పైకి ఫైలు పంపి కూర్చుంటే కోతలే అయిపోతాయి.

అమెరికాలో ఆరోగ్య అసమానతలపై పరిశోధనకు జాతీయ సంస్థే ఉంది, 2010లో దానికి పూర్తి ఇన్‌స్టిట్యూట్ హోదా వచ్చింది. అయినా వెనుకబడిన వర్గాల మధ్య పనిచేసే కాలేజీల్లో పరిశోధన బలం పెంచడానికి విడిగా డబ్బు పెడుతుంది.

నా ఓటు జిల్లాకే. ప్రశ్న, సిబ్బంది, ఖర్చు జిల్లావాళ్ల చేతిలో ఉండాలి. ల్యాబ్ ప్రమాణాలు, డేటా భద్రత, రిపోర్టు బయటపెట్టే గడువు మాత్రం కేంద్రం దగ్గర ఉండాలి. ఎవరు నడిపినా ఒక షరతు తప్పదు: పరీక్షకు రక్తం ఇచ్చిన ప్రతి మనిషికీ రిజల్టు కాగితం ముట్టాలి, అందులో ఏముందో లంబాడీలోనో తెలుగులోనో కూర్చోబెట్టి చెప్పాలి. దానికయ్యే ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే రాయాలి.