నాలుగు వెర్షన్లు, నాలుగు బీటా కాలాలు: సీపైథాన్ విడుదల తయారీపై ఒక వాడుకరి సమీక్ష

2021 అక్టోబర్‌లో పైథాన్ భాష 3.10 వెర్షన్ (మనం మామూలుగా వాడే పైథాన్ రూపం పేరే సీపైథాన్) వచ్చిన వారానికి మా పరీక్షల సర్వర్ ఒక వింత ఫిర్యాదు చేసింది: పైథాన్ 3.1 దొరకడం లేదట. 3.1 అంటే 2009 నాటి సరుకు, దాన్ని ఎవరు అడిగారు? నేనే అడిగాను. అమరికల ఫైలులో 3.10 చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టలేదు. ఆ ఫైలు రాసే ఫార్మాట్ అయిన యామల్ దాన్ని దశాంశ సంఖ్యగా చదివి చివరి సున్నాను మింగేసింది. అది సరిచేశాక మరో చోట గొడవ మొదలైంది. వెర్షన్లను అక్షరాల వరుసగా పోల్చే పాత స్క్రిప్టు ఒకటి, 3.9 కన్నా 3.10 చిన్నదని తేల్చి, ‘మరీ పాత పైథాన్’ అంటూ పని మానేసింది. రెండు తప్పులూ నావే. ఆ ఏడాది మే నెలలో మొదటి బీటా, అంటే పరీక్షల కోసం ఇచ్చే ముందస్తు విడుదల, వచ్చినప్పుడు ఒక్క గంట కూర్చుని ఉంటే రెండూ ఆరోజే బయటపడేవి.

ఆ సిగ్గుతోనే 3.11 నుంచి ప్రతి ముందస్తు విడుదలనూ సొంతంగా బిల్డ్ చేసుకుని వాడుతున్నాను. 3.11, 3.12, 3.13, 3.14: నాలుగు వెర్షన్ల ఆల్ఫాలు (తొలి ముడి విడుదలలు), బీటాలు, రిలీజ్ క్యాండిడేట్లు (ఆర్‌సీలు, తుది విడుదలకు ముందు చివరి నమూనాలు) చూశాను. పైథాన్‌ను తయారుచేసే బృందంలో నేను లేను. నా చేతి కింద ఉన్నవల్లా నలభై దాకా చిన్న ప్రోగ్రాములు, సీ భాషలో రాసుకున్న ఒక ప్రొఫైలర్ (ప్రోగ్రాము సమయం ఎక్కడ ఖర్చవుతుందో కొలిచే) మాడ్యూల్. కాబట్టి ఇది పైథాన్ భాష మీద సమీక్ష కాదు. కొత్త వెర్షన్ తయారయ్యే ఏడాది పొడవు తంతు, బయట నిలబడి వాడుకునే నాలాంటివారికి ఎంతవరకు పనికొస్తుందో చెప్పడమే ఉద్దేశం.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది క్యాలెండర్. ఒకప్పుడు రెండు వెర్షన్ల మధ్య ఏడాదిన్నర ఎడం ఉండేది. పెప్ 602 అనే ప్రతిపాదనను ఆమోదించాక, 3.9 నుంచి ఏటా అక్టోబర్‌లో ఒక వెర్షన్ వస్తోంది. ఒకటి గడప దాటగానే తర్వాతిదాని ఆల్ఫాలు మొదలవుతాయి, నెలకొకటి చొప్పున ఏడు. మే నెలలో మొదటి బీటా. ఆ రోజుతో కొత్త సౌకర్యాలకు తలుపు మూసేస్తారు, ఇక లోపలికి వెళ్లేవి మరమ్మతులే. మొత్తం నాలుగు బీటాలు, ఆపైన కనీసం రెండు ఆర్‌సీలు, తర్వాత తుది విడుదల. రెండు వరుస వెర్షన్లకు కలిపి ఒక విడుదల నిర్వాహకుడు ఉంటారు. 3.10, 3.11లకు పాబ్లో గాలిందో సల్గాడో, 3.12, 3.13లకు థామస్ వౌటర్స్, 3.14, 3.15లకు హ్యూగో వాన్ కెమెనాడే. వందలమంది చేతులు పెట్టే ఇంట్లో తాళంచెవి ఒకరి దగ్గర ఉండాలి. ‘ఇది ఈసారికి వద్దు’ అనగల మనిషి లేకపోతే ఏ తేదీకీ విలువ ఉండదు.

అలాగని తేదీని పట్టుకుని వేలాడే రకమూ కాదు. 3.11 సంగతే చూడండి. విడుదలను ఆపాల్సినంత పెద్ద బగ్‌లు తేలడంతో నాలుగో బీటా ఆలస్యమైంది, లెక్కలో లేని అయిదో బీటా వచ్చింది, అక్టోబర్ 3న రావలసిన తుది విడుదల 24న వచ్చింది. ఆ మూడు వారాల గురించి నాకు ఫిర్యాదు లేదు. ఆ వెర్షన్‌లో లోపలి యంత్రాంగమంతా మారింది. అధికారిక పరీక్షల్లో 3.10 కన్నా సగటున 25 శాతం వేగమని ప్రకటించారు. మా ప్రోగ్రాముల్లో ఒకటి రెండు ఆ మాట నిలబెట్టాయి, మిగతావాటికి డేటాబేస్ కోసం ఎదురుచూడడమే పని కాబట్టి వాటికి ఏ పైథానైనా ఒకటే.

ఆ వేగానికి రుసుము నా ప్రొఫైలర్ చెల్లించింది. ఫంక్షన్ పిలుపులను చవగ్గా చేయడానికి ఒక్కో పిలుపు వివరాలను దాచుకునే ‘ఫ్రేమ్’ నిర్మాణాన్ని తిరగరాశారు. దాని లోపలి గడులను బయటి సీ కోడ్ నేరుగా తాకకుండా దాచేశారు. నా మాడ్యూల్ చేసేదే ఆ తాకడం. మొదటి ఆల్ఫా మీద కంపైల్ చేస్తే తెర నిండా తప్పులు. వాటికి బదులు వాడవలసిన ఫంక్షన్లు కొన్ని 3.9 నుంచే ఉన్నాయి, కొన్ని మాత్రం తొలి ఆల్ఫాల్లో ఇంకా లేవు. నేను అప్పుడు చేసిన పొరపాటు చెబుతాను: లేని ఫంక్షన్ల చుట్టూ తిరగడానికి రెండు వారాంతాలు ఖర్చుపెట్టి ఒక అడ్డదారి కోడ్ రాశాను. బీటా వచ్చేసరికి ఆ ఫంక్షన్లు వచ్చాయి, నా అడ్డదారి చెత్తబుట్టకు వెళ్లింది. ఆల్ఫాలో విరిగినదాన్ని చూసి నోట్ చేసుకోవాలి తప్ప బాగుచేయకూడదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఆల్ఫా దశలో నేను చేసేది ఒకే పని. బిల్డ్ చేస్తాను, టెస్టులు నడుపుతాను, విరిగినవాటి జాబితా రాసుకుని మూసేస్తాను. అరగంట.

అసలు పని బీటా 1 నాడు. మూలకోడ్ తెచ్చి, డీబగ్ బిల్డ్ ఒకటి, మామూలు బిల్డ్ ఒకటి చేస్తాను. స్థాపించేటప్పుడు మామూలు ఇన్‌స్టాల్ బదులు ‘ఆల్ట్‌ఇన్‌స్టాల్’ వాడాలి. లేకపోతే యంత్రంలో పైథాన్ 3 అన్న పేరు కొత్తదాని మీదికి పోయి, దాని మీద ఆధారపడినవన్నీ తడబడతాయి (ఒకసారి చేశాను, ఆ రోజు గురించి మాట్లాడుకోవద్దు). తర్వాత హెచ్చరికలన్నిటినీ తప్పులుగా లెక్కించే ఐచ్ఛికంతో టెస్టులు నడుపుతాను. ఈసారి విరిగినవాటితో పాటు, రెండు మూడేళ్ల తర్వాత విరగబోయేవీ బయటపడతాయి.

3.12లో నన్ను కాపాడింది ఆ ఐచ్ఛికమే అనుకున్నాను, సగమే నిజం. ఆ వెర్షన్‌లో డిస్ట్‌యుటిల్స్, ఇంప్ మాడ్యూళ్లను పూర్తిగా తీసేశారు. టెస్టులు రాసే యూనిట్‌టెస్ట్ మాడ్యూల్‌లో ‘అసర్ట్‌ఈక్వల్స్’ లాంటి పాత మారుపేర్లనూ తీసేశారు. పదేళ్లకు పైగా వద్దు వద్దని హెచ్చరిస్తూ వచ్చిన పేర్లవి. 3.11 తయారీలోనే తీసి, చాలా ప్రాజెక్టులు విరుగుతున్నాయని తిరిగి పెట్టి, ఒక ఏడాది గడువిచ్చి 3.12లో సాగనంపారు. వీటికి నేను సిద్ధంగానే ఉన్నాను. నన్ను కొట్టింది ఎక్కడో మూల నుంచి. ప్యాకేజీలు కట్టే సెటప్‌టూల్స్‌ను ఎప్పుడో ఒక పాత వెర్షన్ దగ్గర మేకు కొట్టి ఉంచాను. ఆ పాతది, పైథాన్ నుంచి తొలగించిన ‘ఇంప్‌ఇంపోర్టర్’ అనే పేరును వెతుక్కుంటూ మొదటి అడుగులోనే కుప్పకూలింది. మా కోడ్‌లో ఒక్క గీత నడవకముందే ఆట ముగిసింది. హెచ్చరికలు నా ప్రోగ్రాముల్లో వెతికాను గానీ, వాటిని కట్టే పనిముట్లలో వెతకాలన్న ఆలోచనే రాలేదు.

ఇక నా పెద్ద ఫిర్యాదు. బీటా ప్రకటన వచ్చిన ప్రతిసారీ అందులో ఒక అభ్యర్థన ఉంటుంది: లైబ్రరీలు నడిపేవారు ఈ దశలోనే పరీక్షించి, తేడాలుంటే వెంటనే తెలపండి అని. న్యాయమే. కానీ ముందే కంపైల్ చేసిన వీల్ ఫైళ్లను లైబ్రరీలవారు ఎప్పుడు పెట్టగలరు? లోపలి బైనరీ ఒప్పందం, అంటే ఏబీఐ, ఇక మారదని మాట ఇచ్చాక. ఆ మాట మొదటి ఆర్‌సీ నాడు గానీ రాదు. ఈలోగా నాలాంటివాడు బీటా మీద ఒక అంకెల లైబ్రరీని పెట్టబోతే, లైబ్రరీలను తెచ్చి స్థాపించే పిప్‌కు వీల్ దొరకదు. మూలకోడ్ తెచ్చి కంపైల్ చేయడానికి కూర్చుంటుంది, ఇరవై నిమిషాల తర్వాత ఫోర్ట్రాన్ కంపైలర్ లేదంటుంది. దాని కింద ఇంకో లైబ్రరీ, దాని కింద మరొకటి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్నట్టు, వాడుకరులు పరీక్షిస్తే గాని బగ్‌లు దొరకవు, లైబ్రరీలు సిద్ధమైతే గాని వాడుకరులు పరీక్షించలేరు. ఆర్‌సీ వచ్చి వీల్ ఫైళ్లు ఒక్కొక్కటే చేరేసరికి ఆగస్టు గడిచిపోతుంది. అప్పటికి తలుపు దాదాపు మూసి ఉంటుంది. స్పష్టమైన బగ్ మరమ్మతు తప్ప మరేదీ లోపలికి పోదు.

నాలుగేళ్లలో నేను నేర్చుకున్న సర్దుబాటు ఒకటే. మా నలభై ప్రోగ్రాముల్లో బరువైన లైబ్రరీలు అక్కరలేనివి పాతిక ఉన్నాయి. బీటా 1లో ఆ పాతికే నడుపుతాను. మిగతా పదిహేను ఆర్‌సీ దాకా ఆగుతాయి. కొన్ని లైబ్రరీలు రోజువారీ బిల్డులు పెడుతున్నాయి, అవి దొరికినచోట పని తేలిక. ఇది పరిష్కారం కాదని తెలుసు.

3.13 ఆర్‌సీల గురించి చెప్పకపోతే ఈ సమీక్షకు నిజాయతీ ఉండదు. 2024 బీటాల నుంచే మా పెద్ద ఎక్స్‌ఎంఎల్ ప్రోగ్రాము ఒకటి కాస్త నిదానంగా నడుస్తోంది. యంత్రం పాతది, పైగా ఎండాకాలం, వేడికి నెమ్మదించిందేమో అనుకుని వదిలేశాను. ఎవరికీ చెప్పలేదు. తుది విడుదల అక్టోబర్ 1న జరగాలి. ఆ రోజు వచ్చింది తుది విడుదల కాదు, లెక్కలో లేని మూడో ఆర్‌సీ. ప్రోగ్రాముకు ఇక అక్కరలేని మెమరీని విడతలు విడతలుగా ఏరి ఖాళీ చేసే కొత్త పద్ధతి వేగాన్ని దెబ్బతీస్తోందని తేలి, దాన్ని మొత్తంగా వెనక్కి తీసేశారు. వారం తర్వాత, 7న, తుది విడుదల వచ్చింది. మూడో ఆర్‌సీ మీద మా ప్రోగ్రామును నడిపితే నిదానం పోయింది. నేను చూసినదానికి కారణం అదేనని ఒట్టు వేయలేను, కొలతలు దాచుకోలేదు కాబట్టి. కానీ నెలల తరబడి కళ్ల ముందు ఉన్నదాన్ని నోరు విప్పి చెప్పనివాళ్లలో నేనూ ఒకణ్ణి. చివరి వారంలో ఒక పెద్ద భాగాన్ని పీకేయడానికి దమ్ము కావాలి, అది ఆ బృందానికి ఉంది. దాన్ని మే నెలలోనే పీకేసే అవకాశం ఇవ్వవలసింది మాలాంటివాళ్లం. ఆ తర్వాత ప్రతి బీటాకూ పది ప్రోగ్రాముల పరుగు సమయాలు ఒక పట్టికలో రాసి పెడుతున్నాను.

పత్రాల విషయంలో మాత్రం పూర్తి మార్కులు. చెప్పుకోదగ్గ ప్రతి మార్పుకూ ఒక చిన్న వార్తా ఫైలు విడిగా రాస్తారు, విడుదల వేళ ‘బ్లర్బ్’ అనే పనిముట్టు వాటన్నిటినీ కుట్టి ఒక జాబితా చేస్తుంది. అది పొడుగ్గా ఉంటుంది, అందరూ చదవనక్కర్లేదు. ‘వాట్స్ న్యూ’ పత్రం చివర కోడ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చుకోవడం మీద ఒక భాగం ఉంటుంది, అది మాత్రం చదవాలి. కొత్త సౌకర్యాల వర్ణన కన్నా నాకు ఆ భాగమే ముఖ్యం. భవిష్యత్తులో ఏ వెర్షన్‌లో ఏది పోతుందో కూడా ముందే రాస్తున్నారు.

‘పాయింట్ వన్ (తుది విడుదల తర్వాత వచ్చే మొదటి మరమ్మతు విడుదల) వచ్చేదాకా ఆగితే చాలు, ఈ తలనొప్పి ఎందుకు’ అని తోటివారు అడుగుతుంటారు. ఒకప్పుడు నేనూ అదే నమ్మేవాణ్ణి. 2021 ఏప్రిల్‌లో 3.9.3 వచ్చింది. 32 బిట్ యంత్రాల మీద పాత సీ మాడ్యూళ్లు కూలిపోయేలా బైనరీ ఒప్పందం పొరపాటున మారిందని తేలి, దాన్ని వెనక్కి తీసుకుని రెండు రోజుల్లో 3.9.4 ఇచ్చారు. 2025 జూన్‌లో 3.13.4 తర్వాత ఎనిమిది రోజులకే 3.13.5 వచ్చింది, విండోస్ మీద మాడ్యూళ్ల బిల్డ్ చెడిందని. చిన్న విడుదలలు కూడా తడబడతాయి. తడబాటు ఎంత త్వరగా సర్దుకుంటారన్నదే నేను చూసేది, అందులో వీళ్లను తప్పుపట్టలేను.

ఏటా ఒక వెర్షన్ అనేది చిన్న చేతులకు ఎక్కువే. అందుకే పరీక్షించడం అన్నిటినీ, వాడుకలోకి తేవడం ఒకటి విడిచి ఒకటి: 3.11 నుంచి 3.13కు వెళ్లాం, 3.12ను దాటేశాం. అయిదేళ్ల పాటు భద్రతా మరమ్మతులు వస్తాయి కాబట్టి ఈ గెంతుడుకు ఇబ్బంది లేదు. 3.13 నుంచి మామూలు బగ్ మరమ్మతుల గడువును రెండేళ్లకు పెంచడం మాకు కలిసొచ్చింది. గిల్ (ఒకసారికి ఒక థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే తాళం) లేని బిల్డ్ 3.13లో ప్రయోగంగా వచ్చి 3.14లో అధికారిక మద్దతు పొందింది. పరీక్షల భారం రెట్టింపు అవుతుందని దాని జోలికి ఇంకా పోలేదు.

3.14 బీటాల్లో మాకు విరిగింది ఒక్కటే. టైప్ సూచనలను (విలువ ఏ రకమో చెప్పే గుర్తులను) అవసరమైనప్పుడే లెక్కించే పద్ధతి అందులో వచ్చింది. మా తనిఖీ కోడ్ ఒకటి వాటిని క్లాసు నిఘంటువులోంచి నేరుగా తీసుకునేది, అక్కడ ఇప్పుడు ఏమీ లేదు. బీటా 1 రాత్రే నాలుగు గీతలు మార్చాను. వాడుకకు కాకపోయినా, 2025 అక్టోబర్ 7న తుది విడుదల రాగానే పరీక్షల సర్వర్‌లో చేర్చాను, మొదటి పరుగులోనే అన్నీ నెగ్గాయి. అమరికల ఫైలులో 3.14 చుట్టూ కొటేషన్ గుర్తులు ఉన్నాయి. లేకపోయినా నడిచేది, సున్నా లేదు కదా. ఏడాదిని బట్టి నేరుగా 3.26కు గెంతుదామన్న ప్రతిపాదన ఒకటి వచ్చింది గానీ తిరస్కరించారు. కాబట్టి 3.20 దారిలోనే ఉంది.