ఒరాకిల్ జేడీకేనా, ఓపెన్ జేడీకేనా?

మిర్యాలగూడ రైస్ మిల్లులకు జావాలో లెక్కల సాఫ్ట్‌వేర్ రాసే తమ్ముళ్లారా, ఓపెన్ జేడీకే తీసుకోండి. జేడీకే అంటే జావా ప్రోగ్రాములు రాసి నడిపే సామగ్రి. రెండింటి కోడ్ దాదాపు ఒక్కటే, తేడా లైసెన్సులో ఉంది.

2023 జనవరి నుంచి ఒరాకిల్ జావా చందాను వాడేవాళ్లను బట్టి కాకుండా, సంస్థలోని మొత్తం ఉద్యోగులను బట్టి లెక్కిస్తోంది. మిల్లులో కంప్యూటర్ ముందు కూర్చునేది ఇద్దరే అయినా, జీతం మీదున్న డ్రైవరు, వాచ్‌మన్ కూడా లెక్కలోకి వస్తారు. ఇది అన్యాయం. ఒరాకిల్ జేడీకే కొత్త వెర్షన్లు చందా లేకుండా ఉచితమే గానీ, కొంత గడువు దాకానే.

ఓపెన్ జేడీకే లైసెన్సు జీపీఎల్ వెర్షన్ 2, అంటే ఆ కోడ్‌తో చేసినదాన్ని పంచితే దాని కోడ్ కూడా ఇవ్వాలనే ఓపెన్ సోర్స్ లైసెన్సు. ఆ పేరు వినగానే మన కోడ్ బయటపెట్టాలేమోనని చాలామంది జంకుతారు. అక్కర్లేదు, క్లాస్‌పాత్ మినహాయింపు ఉంది; దాని వల్ల జావా లైబ్రరీలను వాడుకునే మన ప్రోగ్రాముకు ఆ షరతు అంటదు. టెమురిన్ లాంటి, ఓపెన్ జేడీకే నుంచి సిద్ధం చేసిన ఉచిత బిల్డ్ దించుకుని, మీ సాఫ్ట్‌వేర్‌ను నిశ్చింతగా అమ్ముకోండి. కంపెనీ నుంచే సపోర్టు కావాలనే పెద్ద సంస్థలకైతే ఒరాకిల్ చందా పనికొస్తుంది.