జ్వరం, మత్తు, కేస్ షీటు: సూర్యారావుపేట ఆదివారం క్లాసు ఎలా ఉంది?

విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రుల మధ్య ఒక మేడ మీద నడిచే క్లాసిది. ఫైనల్ ఇయర్ ఎంబీబీఎస్ వాళ్లకీ హౌస్ సర్జన్లకీ ఉద్దేశించారు. విషయం ఒక్కటే: తాగుడో, సూది మత్తో అలవాటున్న మనిషి జ్వరంతో వస్తే ఎలా ఆలోచించాలి. ఆరు ఆదివారాలు, వారానికి రెండు కేసులు. ఎంసీక్యూలు (నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు) ఉండవు కాబట్టి పీజీ ర్యాంకు కోసం వెళ్లేవాళ్లకి నిరాశే. వార్డులో రాత్రి డ్యూటీ చెయ్యబోయేవాళ్లు మాత్రం తప్పక వెళ్లాలి.

కేసును ముక్కలు ముక్కలుగా ఇస్తారు. మొదటి కాగితం మీద బాధలు, నాడి, బీపీ, ఉష్ణోగ్రత, అంతే. అది చదివి మూడు రాయాలి: ఎక్కువగా ఏమై ఉంటుంది, ఏది వదిలేస్తే ప్రాణం పోతుంది, ఏం కనబడితే మన ఊహ తప్పని ఒప్పుకుంటాం. రాశాకే రెండో కాగితం. మూడో ప్రశ్న దగ్గర అందరూ ఆగిపోతారు. క్లాసులో అసలు చదువు అక్కడే జరుగుతుంది.

అన్నిటికన్నా బాగా నడిపిన కేసు ఆటోనగర్ మెకానిక్‌ది. న్యుమోనియాతో చేరాడు, మూడో రాత్రికి చేతులు వణుకు, లేని పురుగుల్ని దులుపుకోవడం, నాడి 124, జ్వరం 102. సగం మంది ‘సెప్సిస్’ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి అవయవాలు దెబ్బతినడం) అని రాస్తారు, మిగతావాళ్లు ‘డెలీరియం ట్రెమెన్స్’ (తాగుడు ఆగిపోయాక వచ్చే వణుకు, మతిభ్రమ) అని. రెండూ ఒకేసారి ఉండొచ్చని రాసేవాళ్లు తక్కువ. ఇక్కడ టీచర్లు బోర్డు మీద ఒక గీత గీసి గంటలు వేయిస్తారు: చివరి గుటక పడ్డాక సుమారు 6 గంటలకి వణుకు, 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్, 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం. జ్వరం పట్టిక పక్కనే ఈ గీత ఉంటే మూడో రాత్రి ఎందుకు అలా అయ్యిందో కళ్లకి కడుతుంది. అయినా అక్కడితో ఆపనివ్వరు. ముందు గ్లూకోమీటరు, ఆక్సిజన్ సాచురేషన్. తర్వాత మెడ బిగుసుకుందా, కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయా, తలకి దెబ్బ తగిలిందా, కామెర్లున్నాయా. ఈ వణుకునీ మతిభ్రమనీ అణిచే మందుల్లో కాలేయం దెబ్బతిన్నవాడికి క్లోర్‌డయాజెపాక్సైడ్ బదులు లోరాజెపామ్ ఎందుకో, న్యుమోనియా ఉన్నప్పుడు డోసు డోసుకీ శ్వాస ఎందుకు లెక్కపెట్టాలో అరగంట చెప్పారు. ఆ అరగంటకే ఫీజు గిట్టిపోతుంది.

తాగుడు మానాక వచ్చే లక్షణాల తీవ్రతని కొలిచే సీవా (CIWA-Ar) స్కోరు గురించి చెప్పిందీ సరైనదే. పది అంశాలు, మొత్తం 67. అందులో నాడి లేదు, జ్వరం లేదు; చెమట, ఆందోళన ఉన్నాయి. అవి ఇన్ఫెక్షన్‌లోనూ వస్తాయి. పైగా సగం ప్రశ్నలకి రోగే జవాబు చెప్పాలి, మతి తప్పినవాడు ఏం చెబుతాడు? స్కోరు చూసి మందు పెంచుకుంటూ పోతే అడుగున ఉన్న సెప్సిస్ నిద్రమత్తు కింద దాగిపోతుంది.

హిస్టరీ అడగడం తెలుగులోనే నేర్పిస్తారు. ‘తాగుతారా?’ అంటే ‘అప్పుడప్పుడండీ’ అంటాడు. ‘రోజుకి క్వార్టరా, నైంటీనా? ఆఖరుసారి ఎప్పుడు, పొద్దున్నా రాత్రా?’ అంటే లెక్క వస్తుంది. 42.8 శాతం ఉండే క్వార్టరు, అంటే 180 మిల్లీలీటర్లలో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు 650 సీసాలో దాదాపు 40. సూది సంగతి అడిగేముందు మంచం దగ్గరున్న బంధువుల్ని బయటికి పంపడం కూడా అభ్యాసం చేయిస్తారు. హెచ్ఐవీ పరీక్షకి సమ్మతి, ఫలితానికి గోప్యత 2017 చట్టం ప్రకారం తప్పనిసరని అప్పుడే గుర్తుచేస్తారు.

రెండో మంచి కేసు గుంటూరు కుర్రాడిది. మూడు వారాల జ్వరం, దగ్గు, నెత్తురు కళ్లె. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల అంచుల్లో గుండ్రటి మచ్చలు, కొన్నింట్లో గుల్లలు. మన దగ్గర చెయ్యి దానంతటదే టీబీ మందుల వైపు వెళుతుంది. కళ్లె పరీక్ష, సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువుని వెతికే పరీక్ష) నెగటివ్. మోచేతి మడతలోనే కాదు, గజ్జలోనూ సూది గుర్తులు చూసినవాళ్లకే దారి దొరుకుతుంది: గుండె కుడివైపు ట్రైకస్పిడ్ కవాటం మీద స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా, అక్కడి నుంచి ఊపిరితిత్తులకి గడ్డలు. గుండెలో మర్మర్ (కవాటం చెడితే స్టెతస్కోపులో వినబడే అదనపు శబ్దం) వినబడకపోవచ్చని నొక్కి చెప్పడం బాగుంది. నెత్తురులో క్రిముల్ని పెంచి చూసే బ్లడ్ కల్చర్ మాత్రం రెండు స్లైడ్లలో ముగించేశారు. వార్డులో తప్పు జరిగేదే అక్కడ: ఉన్న క్యాన్యులా లోంచి మూడు మిల్లీలీటర్లు లాగడం, అదీ సెఫ్‌ట్రియాక్సోన్ పడ్డాక. యాంటీబయాటిక్‌కి ముందే, మూడు వేర్వేరు చోట్ల నుంచి, సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్లు తియ్యాలి; క్లోర్‌హెక్సిడిన్ పూశాక ఆరనివ్వాలి, సీసా మూత రబ్బరు కూడా స్పిరిట్‌తో తుడవాలి. చేతితో చేయించాల్సిన పని ఇది.

ఇంకో లోపం స్లైడు మీదే ఉంది. వెర్నికే (థయమిన్ కొరతతో మెదడు దెబ్బతినే జబ్బు) అనుమానానికి థయమిన్, అంటే విటమిన్ బి1, 100 మిల్లీగ్రాములని రాశారు. అది చాలదు. 500 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి అరగంట పాటు రోజుకి మూడుసార్లు ఇస్తారు. మెగ్నీషియం తక్కువుంటే అదీ సరిచెయ్యాలి, లేకపోతే థయమిన్ పనిచెయ్యదు. టీబీ మందు రిఫాంపిసిన్ మొదలెడితే, సూది మత్తు మాన్పించడానికి ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్ పలచబడి ఆవలింతలు, కళ్ల నీళ్లు, ఒళ్లు నొప్పులు వస్తాయని చెప్పిన చోటే, మెట్రోనిడజోల్‌తో, సెఫోపెరజోన్‌తో మద్యం తాగితే ఏమవుతుందో కూడా చెప్పి ఉండాల్సింది. డిశ్చార్జి చీటీలో రాయాల్సిన మాట అది.

అన్నిటికన్నా బాధ కలిగించింది మెలియాయిడోసిస్ (తడి నేలలో ఉండే బ్యాక్టీరియా తెచ్చే జబ్బు) ఊసే లేకపోవడం. కృష్ణా డెల్టా వరి పొలాల నడుమ కూర్చుని, షుగరూ తాగుడూ ఉన్న రైతుకి వానాకాలంలో వచ్చిన న్యుమోనియా గురించి మాట్లాడుతూ ఆ పేరెత్తకపోతే ఎలా? టీబీలాగే నటిస్తుంది, కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలు కడుతుంది. ల్యాబు దీని క్రిమిని ‘సూడోమోనాస్’ అనే వేరే బ్యాక్టీరియాగా తోసేసే ప్రమాదముంది. జెంటమైసిన్‌కీ కొలిస్టిన్‌కీ లొంగకుండా కో-అమాక్సిక్లావ్‌కి లొంగితే ల్యాబుకి ఫోన్ చెయ్యాలి. సెఫ్టాజిడైమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం 10 నుంచి 14 రోజులు, ఆపైన కో-ట్రైమాక్సజోల్ కనీసం మూడు నెలలు. ఇది పన్నెండు కేసుల్లో ఒకటిగా చేరాలి.

మెడిసిన్ పోస్టింగ్ అయ్యాక చేరితే ఎక్కువ అందుతుంది. గుంటూరు నుంచి వచ్చేవాళ్లు ఒక బస్సు ముందుగా బయల్దేరండి: తొమ్మిదింటికే మొదటి కాగితం పంచేస్తారు, ఆలస్యమైతే రెండోదే చేతికొస్తుంది, దాంతో సగం జవాబు తెలిసిపోతుంది.