ఆవకాయ పడ్డా చెక్కుచెదరని తెల్ల చొక్కా: రెండేళ్ల తర్వాత

పెళ్లిళ్లలో ఫొటోలు తీస్తుంటాను. వడ్డించేవాళ్ల మధ్య కెమెరా పట్టుకుని తిరగడం వల్ల నా చొక్కా మీద సాంబారు పడని ముహూర్తం లేదు. అందుకే నానో కోటింగ్ (మరకలు అంటకుండా వేసే అతి సన్నని పూత) వేసిన తెల్ల కాటన్ చొక్కా కొన్నాను.

నీళ్లు దొర్లిపోవడం వీడియోల్లో అందరూ చూసిందే. నాకు తెగ నచ్చింది మాత్రం ఇది నూనెను కూడా ఆపడం. తామరాకు కూడా నూనెను ఆపలేదు. వంటనూనె తలతన్యత (ద్రవాన్ని పరుచుకోనీయకుండా బొట్టుగా పట్టి ఉంచే గుణం) నీటి దాంట్లో సగం కూడా ఉండదు కాబట్టి దేని మీదైనా ఇట్టే పరుచుకుంటుంది. దాన్ని ఆపాలంటే పూతలోని సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) రేణువుల గరుకుదనం ఒక్కటే చాలదు, పైన ఫ్లోరిన్ పూత కూడా ఉండాలి. మొదటి నెలలో ఆవకాయ ఊట పడితే టిష్యూతో అద్దేశాను, జాడ కూడా లేదు.

నాలుగో నెలలో ఒక బంతిలో పప్పుచారు పడింది. చొక్కా మొత్తం పీల్చేసుకుంది! షాపుకి ఫోన్ చేస్తే "ఇరవై ఉతుకుల దాకే సార్" అన్నారు. కొన్నప్పుడు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. ఒళ్లు మండి, ఇంట్లో తొడుక్కోవడానికి పడేశాను. ఇంటి చొక్కాయే కదా అని మా ఆవిడ బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ మానేసి ఉత్త సబ్బుతో ఉతికేది.

ఒకరోజు పొరపాటున అది ఇస్త్రీ బండికి వెళ్లింది. సాయంత్రం ఆయన "ఏం గుడ్డ సార్ ఇది? ఒకసారి రుద్దాక మళ్లీ నీళ్లు చిలకరిస్తే పట్టట్లేదు" అన్నాడు. ఇంటికొచ్చి గ్లాసుడు నీళ్లు పోసి చూశాను, దొర్లిపోయాయి. ఉతుకుల్లో లోపలికి ముడుచుకున్న పూతలోని ఫ్లోరిన్ అణువుల గొలుసులు వేడి తగిలితే మళ్లీ పైకి తిరుగుతాయట. కండిషనర్ జిడ్డు మిగిలితే మాత్రం ఎంత ఇస్త్రీ చేసినా దండగే.

జాడ కూడా లేదన్నాను కానీ, అది చల్లటి ఊట. వేడి బజ్జీల నూనె మోచేతి దగ్గర పడి ఉండిపోయింది. రాపిడికి అక్కడ పూత అరిగినట్టుంది. రోహిణి కార్తెలో చెమట పీల్చదు, ఒంటికి అంటుకుపోతుంది.

ఇంకోటి కొంటానా? ఫ్లోరిన్ లేనివి నీళ్లను ఆపుతాయి గానీ నూనెను ఆపవు, నా గొడవంతా నూనెతోనే. ఫ్లోరిన్ ఉన్నవేమో, ఆ రసాయనాలు పర్యావరణంలో ఎంతకీ పోవని కాలిఫోర్నియాలో 2025 నుంచి అలాంటి బట్టల అమ్మకం ఆపేశారు. ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఎత్తుకున్నప్పుడల్లా కాలరు నోట్లో పెట్టుకుంటుంది. ప్రస్తుతానికి ఇది పెళ్లిళ్లకే, ఇంటికి రాగానే విప్పేస్తున్నాను.